బుజ్జిముక్కుకు తొలి పడిశం

మార్కాపురం, గిద్దలూరు పక్కల చంటిబిడ్డ తొలిసారి తుమ్మిందంటే ముందు బోనెక్కేది బాలింతే. పెరుగు తిన్నావా, తల ఆరకుండానే పాలిచ్చావా, ఫ్యాను కింద పడుకోబెట్టావా అని అత్తగారూ ఆడబిడ్డా పక్కింటి పెద్దమ్మా తలా ఒక ప్రశ్న వేస్తారు. ఈ కేసులో పెరుగు పూర్తిగా నిర్దోషి. జలుబు తెచ్చే వైరస్‌లు రెండొందలకు పైనే ఉన్నాయి. వాటిలో తరచూ దొరికే దొంగ రైనోవైరస్. మన ఒంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్. రైనోవైరస్‌కు 33 డిగ్రీలైతే హాయి. ముక్కు లోపల అంత చల్లగానే ఉంటుంది కనుక అక్కడ కాపురం పెడుతుంది.

జలుబు సంగతి తేల్చడానికే ఇంగ్లండులో సాల్స్‌బరీ దగ్గర 1946లో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. వలంటీర్లను తడి ఒంటితో, తడి మేజోళ్లతో చలిగాలి కొట్టే నడవాలో నిలబెట్టి చూశారు. ఒట్టి చలికి పడిశం పట్టలేదు. 1990లో ఆ కేంద్రాన్ని మూసేశారు. జలుబును కుదిర్చే మందు మాత్రం ఇప్పటికీ లేదు.

మరి ఎలా అంటుకుంటుంది? బారసాల నాడు చూడండి. వచ్చినవాళ్లంతా బిడ్డను చేతులు మార్చుకుంటారు, బుగ్గలు పుణుకుతారు, ముద్దు పెడతారు. వాళ్లలో ఒకరికి ముక్కు కారుతుంటే చాలు. తొలి ఏళ్లలో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే. కడుపులో ఉండగా తల్లి నుంచి అందిన రక్షణ ఆరు నెలల నాటికి చాలావరకు తరిగిపోతుంది. కాబట్టి మొదటి జలుబుకు ముందే చేయాల్సిన ఏర్పాటు ఒకటే: గుమ్మం దగ్గర సబ్బు, నీళ్లు. చుట్టాలు నొచ్చుకుంటారేమో, నొచ్చుకోనివ్వండి. పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చే నాన్న కూడా దుమ్ము చొక్కా విప్పి, కాళ్లూచేతులూ కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

తొలి నాలుగైదు నెలల పిల్లలు దాదాపు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ముక్కు దిబ్బడేస్తే రొమ్ము పట్టి రెండు గుక్కలు తాగి, వదిలేసి, కెవ్వుమంటారు. ఆకలి లేక కాదు, ఊపిరాడక. మందుల షాపులో దొరికే సెలైన్ డ్రాప్స్ ఇక్కడ పనికొస్తాయి. లీటరుకు 9 గ్రాముల చొప్పున ఉప్పు కలిసిన నీళ్లే అవి, ఇంకేమీ లేదు. పాలివ్వబోయే ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు చుక్కలు వేసి, కాసేపు ఎత్తుకుని, మెత్తబడి బయటికొచ్చిన చీమిడిని పాత నూలుగుడ్డ కొసతో తుడిచి, అప్పుడు రొమ్ముకు పట్టుకోండి. తేడా మీకే తెలుస్తుంది. షాపులో అదే వరసలో పెద్దవాళ్ల ముక్కుదిబ్బడ చుక్కలు, జైలోమెటజొలిన్ వంటివి, కూడా ఉంటాయి. చూడ్డానికి సీసాలు ఒకేలా ఉన్నా అవి పసివాళ్లకు పనికిరావు. ముక్కులో నూనె కూడా వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు.

జలుబుకు ఇంటిమందు అనగానే తేనె గుర్తొస్తుంది. నల్లమల తేనె రుచికి సాటి లేదు. చెంచులు పట్టి తెచ్చే తేనెను 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతుంది. పెద్దలు లొట్టలేసుకుని తినొచ్చు. ఏడాది నిండని బిడ్డ నాలుక మీద మాత్రం చుక్క కూడా రాయకూడదు. తేనెలో ఉండగల బోటులిజం క్రిమి బీజాలు పసి పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. 1976లో కాలిఫోర్నియాలో పసిపిల్లల్లో ఈ జబ్బును తొలిసారి గుర్తించారు. తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు.

అమృతాంజనం మన తెలుగువాడి మందు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. అంత అభిమానమున్నా రెండేళ్ల లోపు పిల్లలకు ఏ బామ్ అయినా దూరంగానే ఉంచాలి. బామ్‌లలో ఉండే కర్పూరం పసిపిల్లలకు మూర్ఛ తెప్పించగలదు. మెడలో కట్టే కర్పూరం మూటకూ అదే మాట. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టే అలవాటు చూడముచ్చటగా ఉంటుంది గానీ, దిబ్బడేసిన ముక్కుకు పొగ శత్రువే. అరగదీసి నాకించే వసకొమ్మును అమెరికా 1968లోనే ఆహారంలో వాడకుండా నిషేధించింది.

సిరప్‌ల సంగతి మరీ చేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు తాగిన చిన్నారులు కిడ్నీలు పాడై చనిపోయారు. మందులో కలిసిన విషం పేరు డైఇథిలిన్ గ్లైకాల్. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ అక్టోబరులోనే చెప్పింది. చీమిడి పచ్చబడిందని యాంటీబయాటిక్ అడగడమూ దండగే. ఆ రంగు వైరస్‌తో పోరాడే తెల్లకణాలది.

ఆరు నెలల లోపు బిడ్డకు జలుబు చేసినా, ఎండ నలభై డిగ్రీలు దాటినా, తల్లిపాలు చాలు. వేణ్ణీళ్లు కూడా అక్కర్లేదు. కనిగిరి, పొదిలి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ బెడద తెలిసిందే. ఆ నీళ్లే తాగే తల్లి పాలలోకి మాత్రం ఫ్లోరైడ్ చేరేది చాలా తక్కువ.

ఇక గడియారం. బిడ్డ నిద్రలో ఉండగా చొక్కా ఎత్తి, పొట్ట లేచి పడడాన్ని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఆ పైన అయిదేళ్ల దాకా 40: నిమిషానికి ఇంతకు చేరినా, దాటినా అది ఒట్టి జలుబు కాదు. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. ఈ లెక్క ఆమె చేత ఒకసారి చేయించుకుని నేర్చుకోండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానేసినా, పెదాలు నీలంగా మారినా, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ జ్వరం తగిలినా తెల్లారేదాకా ఆగొద్దు. గిద్దలూరు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైమాటే. ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.