మీకు తెలుసా? బ్యాటరీ హెల్త్ అంకె ఒక అంచనాయే!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫోన్లో మిగిలిన ఛార్జింగే ఆధారం. మరి సెట్టింగ్స్‌లో కనిపించే ‘బ్యాటరీ హెల్త్ 87 శాతం’ ఎంతవరకు నిజం?

బ్యాటరీలో ఎంత సత్తువ మిగిలిందో నేరుగా కొలిచే మార్గం ఫోన్‌కు లేదు. లోపలికి వెళ్లే, బయటికొచ్చే కరెంటును ఓ చిన్న చిప్ లెక్కపెడుతూ ఉంటుంది. వోల్టేజి, వేడి కూడా చూసుకుని, కొత్తలో ఉన్న సామర్థ్యంతో పోల్చి ఓ అంకె చెబుతుంది. ఎప్పుడూ 40 శాతానికీ 70 శాతానికీ మధ్యే ఛార్జింగ్ పెడుతుంటే ఆ లెక్క దారి తప్పొచ్చు. ఐఫోన్ 11 రకాల్లో ఇలాంటి తప్పు అంచనాలను సరిచేయడానికి ఆపిల్ సంస్థే 2021లో ఐఓఎస్ 14.5తో కొత్త ఏర్పాటు తేవాల్సి వచ్చింది. బ్యాటరీ హెల్త్ చెప్పే ఆండ్రాయిడ్ యాప్‌ల సంగతైతే, ఒక్కరోజు అంకెను అస్సలు నమ్మకండి. కొన్ని వారాల సగటు చూడండి.

నన్నడిగితే ఫోన్ నడతే అసలు సాక్ష్యం. 30 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోయినా, వెనక మూత ఉబ్బినా హెల్త్ 90 ఉందని ధీమా పడొద్దు. ఉబ్బిన బ్యాటరీకి మళ్లీ ఛార్జింగ్ పెట్టకుండా, దాన్ని వెంటనే మార్పించండి.