ఇంట దొరికిన ఎలుకను పెంచవచ్చునా?

బోనులో పడిన చిట్టెలుకను చూచి పిల్లలు ముచ్చటపడుదురు. దానిని అట్టపెట్టెలో ఉంచి, గింజలు వేసి పెంచుకొందుమని మారాము చేయుదురు. వినాయకుని వాహనమని పెద్దలును కొందరు అడ్డు చెప్పరు. జీవకారుణ్యము మంచిదే. కాని చెత్తకుప్పలలో, మురుగు కాలువలలో తిరిగిన ఎలుకను ఇంట పెంచుట ఎంతమాత్రము తగదు. ఏల తగదో సూరత్ నగర చరిత్ర తెలుపగలదు.

సూరత్ నేర్పిన పాఠము

తెలంగాణము నుండి నేతపనికై వలసపోయిన తెలుగు కుటుంబములు అనేకము సూరత్‌లో లింబాయత్ మొదలగు పేటలయందు నివసించుచున్నవి. 1994 సెప్టెంబరులో ఆ నగరమున ఊపిరితిత్తుల ప్లేగు బయలుదేరెను. పలువురు మరణించిరి. లక్షలమంది కొలది దినములలోనే ఊరు విడిచిపోయిరి.

ప్లేగు మొదట ఎలుకల వ్యాధి. ఎలుక రక్తము పీల్చి బ్రతుకు సన్నని గెంతు పురుగులు, అది చచ్చినంతనే దానిని విడిచి మనుష్యులను కుట్టును. ఈ పురుగులే వ్యాధిని మోయునని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోండు అను ఫ్రెంచి వైద్యుడు ప్రయోగముచేసి చూపెను. వ్యాధి ఊపిరితిత్తులకు సోకినచో, దగ్గు తుంపరలవలన మనిషినుండి మనిషికి వ్యాపించును.

1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్. ఆర్. రావు కాలమున చెత్త ఎత్తుట, మురుగు తీయుట క్రమము తప్పక జరిగెను. నగరము పరిశుభ్రతకు పేరొందెను.

నేటి అపాయము

నేడు ప్లేగు అరుదు. కాని లెప్టోస్పైరోసిస్ అను ఎలుక జ్వరము అరుదు కాదు. సూరత్, నవసారి, వల్సాడు జిల్లాలలో వానకాలమున తడిపొలములలో పనిచేయువారికి ఇది సోకుచుండును. ఎలుక చూచుటకు ఆరోగ్యముగనే యుండును. క్రిములు దాని మూత్రములో నుండును. అవి చర్మముమీది గాయముల ద్వారాను, కంటి, నోటి పొరల ద్వారాను ప్రవేశించును. పెట్టెలో పెంచిన ఎలుక మూత్రము పిల్లల చేతులకు అంటక మానునా? అంగడిలో అమ్ము తెల్ల ఎలుకలు తరతరములుగా పంజరములలో పెరిగినవి. వానిని తాకినను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పట్టు విధము

ఎలుక గోడవారగా నడచును. కావున బోనును గోడకు ఆనించి, కొబ్బరిముక్కయో వేరుసెనగపప్పో ఎరగా పెట్టి, సాయంకాలము ఉంచి ఉదయముననే చూడవలెను. పడిన ఎలుకను వట్టిచేతితో తాకరాదు. పక్కవీధిలో విడిచినచో తిరిగి రాగలదు. ఏమి చేయవలెనో మునిసిపల్ ఆరోగ్య సిబ్బందిని అడుగుట మేలు. చచ్చిన ఎలుకపై బ్లీచింగ్ పొడి కలిపిన నీరు చల్లి, చేతికి సంచి తొడిగి తీయవలెను. కారణము తెలియక పెక్కు ఎలుకలు చచ్చిపడినచో వానిని ముట్టక వెంటనే ఆరోగ్యాధికారికి తెలుపవలెను.

కరచినచో

గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆస్పత్రికి పోవలెను. ఎలుకను తాకినవారికి నెలలోపల జ్వరము, తలనొప్పి, పిక్కలనొప్పి, కండ్ల ఎరుపు కలిగినచో, ఆ సంగతి వైద్యునికి దాపరికము లేక చెప్పవలెను. తొలిదినములలో మందు పడినచో నయమగును.

బోను ఒక్కటియే చాలదు

ఎలుక మూడు వారములకే ఈనును. పిల్లలు రెండు నెలలు నిండకమునుపే తిరిగి ఈనగలవు. బియ్యము, పిండి మూతగల రేకుడబ్బాలలో పోయుడు. ఎంగిలి గిన్నెలు రాత్రి ఉంచకుడు. చిటికెనవ్రేలు పట్టు సందును సైతము సిమెంటుతో పూడ్చుడు. తిండియు నెలవును దొరకనిచో ఎలుక తానే పోవును.