శీతకాలమున ఉప్పునీటి చెరువు

మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున నిజాంపట్నము నుండి చినగంజాము వరకు గల తీరమున రొయ్యల చెరువుల గట్లపై ఒక దృశ్యము తరచుగా కనబడును. ఒక రైతు దుప్పటి కప్పుకొని, చేతిదీపముతో నీటి అంచును పరిశీలించుచుండును. రొయ్యలు పైకి తేలి గట్టువారగా చేరినవా, లేదా అన్నదే అతని ఆందోళన. చేరినచో నీటిలో ప్రాణవాయువు తరిగినదన్న మాట. మూడు నాలుగు నెలల పెట్టుబడి, శ్రమ ఒక్క రాత్రిలో నీటిపాలు కావచ్చును.

ఈ ప్రాంతమున నీరు గడ్డకట్టు చలి లేదు. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెంటీగ్రేడు దాపునకు దిగినచో మనుష్యులకు అది హాయిగనే ఉండును. కాని నేడు ఇక్కడ విరివిగా పెంచబడు వనామీ రొయ్యకు అది గడ్డుకాలము. దాని పుట్టినిల్లు మెక్సికో నుండి పెరూ వరకు గల పసిఫిక్ మహాసముద్ర తీరము. అది 28 నుండి 32 డిగ్రీల వెచ్చని నీటిలో చక్కగా తిని పెరుగును. నీరు 25 డిగ్రీల కంటె చల్లబడినపుడు మేత తగ్గించును, చురుకుదనము కోల్పోవును. మన దేహము వలె తన వేడిని తాను నిలుపుకొనగల శక్తి దానికి లేదు. నీటి చలియే దాని చలి.

ఈ చెరువుల పూర్వకథ

నేడు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరిన ఈ తీరము పూర్వము గుంటూరు, ప్రకాశం జిల్లాలలోనిది. చినగంజాము, కనుపర్తి గ్రామముల ఉప్పు కొఠార్లు చాలకాలముగా ప్రసిద్ధములు. ఉప్పునీటిని ఎండబెట్టుట ఇక్కడివారికి పాత విద్య. ఉప్పునీటిని ఎండిపోకుండ, చెడిపోకుండ కాపాడుట క్రొత్త విద్య. 1990 తరువాత టైగరు రొయ్య పెంపకము వేగముగా వ్యాపించినది. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి సోకి ఎందరో రైతులు నష్టపోయిరి. 1996 డిసెంబరులో సుప్రీం కోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువులపై కఠినమైన ఆంక్షలు విధించినది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము వచ్చినది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించినది.

చెరువు దాచుకొను వేడి

ఒక ఎకరము వైశాల్యము, ఒకటిన్నర మీటరు లోతు గల చెరువును తీసికొందము. అందు సుమారు 6,000 ఘనపు మీటర్ల నీరు, అనగా 60 లక్షల కిలోగ్రాముల నీరు పట్టును. దానిని ఒక్క డిగ్రీ వేడి చేయుటకు సుమారు 60 లక్షల కిలోకాలరీలు కావలెను. ఇది దాదాపు ఒక టన్ను మంచి బొగ్గును మండించిన వచ్చు వేడి. కాబట్టి చెరువును కృత్రిమముగా వేడి చేయుట రైతునకు సాధ్యమగు పని కాదు. ఉన్న వేడిని పోనీయకుండుటయే మార్గము.

ఆ వేడి ఎటు పోవును? అధిక భాగము నీటి ఉపరితలము నుండియే పోవును. పొడి గాలి వీచునపుడు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరి అయినదనుకొందము. ఎకరమునకు అది 20,000 కిలోల నీరు. కిలో నీరు ఆవిరి అగుటకు దాదాపు 580 కిలోకాలరీలు పట్టును. మొత్తము 116 లక్షల కిలోకాలరీలు. అనగా ఎండ తిరిగి ఇచ్చినదానిని లెక్కలోనికి తీసికొననిచో చెరువు దాదాపు 2 డిగ్రీలు చల్లబడును. అదే చెరువు ముప్పాతిక మీటరు లోతే ఉన్నచో ఉపరితలము మారదు, నీరు సగమగును. అందుచే 4 డిగ్రీలు చల్లబడును. శీతకాలమున చెరువులో నీటిమట్టమును పెంచవలెనని అనుభవజ్ఞులు చెప్పుటలోని రహస్యమిదియే.

చల్లని దేశములలో ఏమి జరుగును?

మంచినీటికి 4 డిగ్రీల వద్ద సాంద్రత అత్యధికము. అందుచే చల్లని దేశముల సరస్సులపై మంచు పేరుకొన్నను, అడుగున 4 డిగ్రీల నీరు నిలిచి చేపలకు ఆశ్రయమిచ్చును. ఉప్పునీటికి ఈ సదుపాయము లేదు. కిలో నీటిలో సుమారు 25 గ్రాముల కంటె ఎక్కువ ఉప్పు ఉన్నచో, గడ్డకట్టువరకు దాని సాంద్రత పెరుగుచునే ఉండును. చల్లబడిన ప్రతి పొర అడుగునకు దిగును. క్రింది నీరు పైకి వచ్చి తానును చల్లబడును. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల వద్ద గడ్డకట్టును. అంతవరకు అట్టి చెరువులో వెచ్చని మూల అన్నది మిగులదు.

అయితే ప్రకృతి ఒకచోట దీనికి విరుద్ధమైన వింత చూపినది. నేటి రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా ప్రాంతమున మెద్వె అను ఉప్పు సరస్సు కలదు. దాని పైన మంచినీటి పొర ఉండును. క్రింది నీరు ఎంత వేడెక్కినను ఉప్పు బరువుచే పైకి రాలేదు. సూర్యకిరణములు లోనికి ప్రవేశించి ఇచ్చిన వేడి అచ్చటనే చిక్కుకొనును. ఒకటిన్నర మీటరుకు లోబడిన లోతుననే వేసవి చివర 70 డిగ్రీల వరకు వేడి ఉన్నట్లు కలెచిన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు 1902లో ప్రకటించెను. సూర్యరశ్మితో వేడిని నిలువచేయు కృత్రిమ చెరువులకు ఈ సరస్సే మూలము.

వాన తెచ్చు ప్రమాదము

మెద్వెలో వింత అయినది రొయ్యల చెరువులో విపత్తు కాగలదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి తుఫానులలో కురిసిన వాననీరు ఉప్పునీటిపై ఒక కప్పు వలె పరచుకొనును. లీటరుకు 20 గ్రాముల ఉప్పు గల నీరు మంచినీటి కంటె లీటరుకు సుమారు 15 గ్రాములు బరువు. కాని మంచినీరు 30 డిగ్రీల నుండి 20 డిగ్రీలకు చల్లబడినపుడు లీటరుకు పెరుగు బరువు రెండున్నర గ్రాములు మాత్రమే. కాబట్టి వాననీరు ఎంత చల్లగా ఉన్నను ఉప్పునీటిలోనికి దిగజాలదు.

రెండు పొరలు కలియవు గనుక గాలిలోని ప్రాణవాయువు అడుగునకు అందదు. రొయ్యలు తిరుగునది అడుగుననే. ఇట్టి సమయమున తూము పైపలకలను తీసి పైనీటిని వెలుపలికి వదలుట, ఏరియేటర్లను నడిపి నీటిని కలియబెట్టుట రైతులు చేయు ఉపాయములు.

ప్రాణవాయువు లెక్క

ఇక్కడ విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరుగును గదా! సముద్రపు నీరు 30 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6.2 మిల్లీగ్రాములను, 20 డిగ్రీల వద్ద 7.4 మిల్లీగ్రాములను ఇముడ్చుకొనగలదు. పైగా చలిలో రొయ్య ఊపిరి అవసరము కూడ తగ్గును. మరి శీతకాలమున ప్రాణవాయువు కొరత ఎందుకు?

దీనికి మూడు కారణములు కలవు. మొదటిది రాత్రి దీర్ఘము. డిసెంబరు చివర ఈ ప్రాంతమున పగలు సుమారు 11 గంటలు, రాత్రి 13 గంటలు. పగటివేళ నీటిలోని సూక్ష్మ శైవలములు ప్రాణవాయువును విడుదల చేయును. రాత్రి అవియే దానిని పీల్చుకొనును. మబ్బు, పొగమంచు గల దినములలో రాబడి తగ్గి ఖర్చు పెరుగును. రెండవది మేత. రొయ్య తినుట మానినను రైతు ఎప్పటివలెనే మేత చల్లినచో, మిగిలినది అడుగున కుళ్లి ప్రాణవాయువును హరించి అమ్మోనియాను పుట్టించును. మూడవది ఇంతకుముందు చెప్పిన నీటి పొరలు.

కాబట్టి తెల్లవారకముందు ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండ చూడవలెను. మేతను సంచుల లెక్కన గాక, చెక్ ట్రేలో మిగిలినదానిని చూచి వేయవలెను. ఉదయము ఆరు గంటలకు, మధ్యాహ్నము మూడు గంటలకు పైనీటి, అడుగునీటి ఉష్ణోగ్రతలను కొలిచి వ్రాసికొనుట అన్నింటికంటె చవుకైన రక్షణ.

చలికి మరియొక ముప్పు తోడగును. తెల్లమచ్చ వైరసు 32-33 డిగ్రీల వేడిలో మందగించునని ప్రయోగములు తెలుపుచున్నవి. నీరు చల్లబడినపుడు, ముఖ్యముగా పగటికి రాత్రికి ఉష్ణోగ్రతలో మార్పు ఎక్కువైనపుడు, రొయ్య బలహీనపడి వైరసు విజృంభించును. అందుచే చలి తగ్గిన పిమ్మట పిల్లను వదలుట క్షేమకరము.

గట్టునకు ఆవల

చెరువు గట్టుతో ఈ శాస్త్రము ముగియదు. పైన చెప్పిన ఎకరపు చెరువులో లీటరుకు 20 గ్రాముల చొప్పున ఉప్పు ఉన్నచో, మొత్తము 120 టన్నులు అగును. నూరు కిలోల బస్తాలలో నింపినచో 1,200 బస్తాలు! నీటిమట్టమును పెంచిన కొలది గట్టుపై ఒత్తిడి పెరిగి ఊట హెచ్చును. ఇసుక నేలలో ఆ ఊట త్వరగా ప్రాకును.

తీరము నుండి లోపలికి పోయిన కొలది గుంటూరు, ప్రకాశం మైదానముల పత్తి, మిరప చేలు కనబడును. పత్తి ఉప్పును కొంత ఓర్చుకొనును. నేల తడిసారములో లీటరుకు దాదాపు 5 గ్రాముల లవణము వరకు దాని దిగుబడి తగ్గదు. మిరప సుకుమారి, సుమారు ఒక్క గ్రాము దాటగానే దిగుబడి తగ్గ నారంభించును. రొయ్యకు ప్రాణమైన నీరు మిరపకు విషము. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగ మార్చరాదని మార్గదర్శక సూత్రములు చెప్పుటకు ఆధారమిదియే. చెరువు చుట్టును కందకము త్రవ్వి ఊటను పట్టుట, విడుదల చేయు నీటిని సాగునీటి కాలువలో కలుపకుండుట పొరుగు రైతు పట్ల ధర్మము.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఒక గాజు గ్లాసులో సగము వరకు గోరువెచ్చని ఉప్పునీటిని, దానిలో రెండు చుక్కల సిరాను పోయవలెను. చల్లని మంచినీటిని గరిటె వెనుక నుండి మెల్లగా జారవిడువవలెను. చల్లని నీరు పైన, వెచ్చని రంగునీరు క్రింద చాలసేపు విడివిడిగా నిలుచును. పిదప ఒక పుల్లతో కలిపినచో రెండును ఏకమగును. చినగంజాము గట్టుపై తెల్లవారుజామున ఏరియేటరు చేయు పని ఆ పుల్ల చేసిన పనియే. అది ఎందుకు తిరుగుచున్నదో ఎరిగిన రైతు బిడ్డ, దానిని ఎప్పుడు తిప్పవలెనో కూడ తన తండ్రికి చెప్పగలడు.