నదిలో నూనె: సైన్స్ ప్రాజెక్ట్‌కి ఇలా ప్లాన్ చేయించండి



సైన్స్ ఫెయిర్ దగ్గర పడింది. విజయవాడ పిల్లల్లో చాలామంది కృష్ణా నదిలో నూనె కాలుష్యం గురించి ప్రాజెక్ట్ చేస్తామంటున్నారు. షాపులో థర్మకోల్ మోడల్ కొనిస్తే ఒక్క సాయంత్రంలో పని అయిపోతుంది. కానీ "ఇది నీకెలా తెలిసింది?" అని జడ్జి అడిగితే జవాబు ఉండదు. సొంతంగా కొలిచిన పిల్లలు ధైర్యంగా చెబుతారు.

విషయం ఏమిటి?
మెకానిక్ షెడ్ల దగ్గర కాలువలో పారబోసిన పాత ఇంజిన్ ఆయిల్ వాన నీటితో నదికి చేరుతుంది. నీటిపై పొరలా పరుచుకుని, గాలిలోని ఆక్సిజన్ నీటిలో కలవకుండా అడ్డుపడుతుంది. కొంచెం నూనె చాలు! లండన్‌లోని క్లాపమ్ చెరువులో ఒక టీస్పూన్ నూనె సుమారు అర ఎకరం పరుచుకుందని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లో ప్రచురించారు. మన దేశంలో 2016 నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం.

ముందు ప్రశ్న
"నూనె కాలుష్యం" అనేది అంశం మాత్రమే. "కొబ్బరి పీచు, దూది, ఊక: వీటిలో ఏది ఎక్కువ నూనె పీలుస్తుంది?" అనేది ప్రశ్న. ప్రయోగానికి ముందే పిల్లల ఊహను నోట్‌బుక్‌లో రాయించండి.

ప్రయోగం
1. నాలుగు గ్లాసుల్లో 200 మి.లీ. నీళ్లు, 20 మి.లీ. వంటనూనె చొప్పున పోయాలి.
2. పీచు, దూది, ఊక 5 గ్రాముల చొప్పున ఒకే రకం పల్చటి గుడ్డల్లో మూటకట్టి మూడు గ్లాసుల్లో వేయాలి. నాలుగో దానిలో ఖాళీ గుడ్డ. అదే కంట్రోల్.
3. ఐదు నిమిషాలయ్యాక మూటలు తీసి, మిగిలింది కొలజాడీలో పోసి, తేరుకున్నాక నూనె పొర ఎంత ఉందో రాయాలి.
4. ఇలా మూడుసార్లు చేసి సగటు తీయాలి.

నది దగ్గర
మీరు తోడు లేకుండా పంపకండి. నీళ్లలోకి దిగనివ్వకండి, ఘాట్ మెట్ల మీద నుంచి చూస్తే చాలు. రంగురంగుల పొర కనిపిస్తే పుల్లతో కదపమనండి. ముక్కలుగా విడిపోయి అలాగే ఉంటే అది ఇనుము బ్యాక్టీరియా వల్ల కావచ్చు. మళ్లీ కలిసిపోతే నూనె కావచ్చు.

మీ పాత్ర
ఇంజిన్ ఆయిల్ పిల్లల చేతికివ్వకండి. మిగిలిన నూనెను సింకులో పోయకండి, పాత పేపర్‌తో పీల్చి చెత్తబుట్టలో వేయండి. ఫలితం ఊహకు వ్యతిరేకంగా వచ్చినా అంకెలు మార్చనివ్వకండి. దానికి మార్కులు తగ్గవు. ఎందుకలా వచ్చిందో పిల్లలే ఆలోచిస్తే, అసలు సైన్స్ అక్కడే మొదలవుతుంది.

ఈ ఆదివారం మీ పిల్లల ప్రశ్న ఒక్కటి డైరీలో రాయించి పంపండి.

— సైన్స్ టీచర్, విజయవాడ క్యాంపస్