డబ్బాకు గుప్పెడు బొగ్గు!

చల్లటి కూల్‌డ్రింక్ గటగటా తాగేశారు. ఖాళీ డబ్బాను ఎటు విసిరేద్దామా అని చూస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి. శ్రీరాంపూర్‌లో ఉండేవాళ్లయితే మరీ ఆగాలి. ఆ డబ్బా వెనక గుప్పెడు బొగ్గు ఉంది మరి!

అదెలాగంటారా? మన ఇళ్లలో 'సిల్వర్' గిన్నెలంటామే, అదే అల్యూమినియం. పేరుకే సిల్వర్, పుట్టేది మాత్రం బాక్సైట్ మట్టిలోంచి. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో ఆ మట్టిని శుద్ధి చేసి అల్యూమినా తీస్తుంది. అక్కడి నుంచి అంగుల్‌కు పంపి, కరెంటు పారించి లోహంగా మారుస్తారు. కిలో అల్యూమినియం కావాలంటే దాదాపు 14 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అంగుల్ కర్మాగారానికి ఆ కరెంటు ఇచ్చేది బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రమే. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు వేసుకున్నా, కిలో లోహం వెనక పది కిలోల బొగ్గు మండినట్టు! అదే పాత అల్యూమినియాన్ని కరిగిస్తే అందులో ఇరవయ్యో వంతు శక్తితో పనైపోతుంది.

ఒక్కో డబ్బా 14 గ్రాములుంటుంది. దాన్ని తుక్కులోకి పంపితే మిగిలేది 140 గ్రాములకు అటూఇటూగా బొగ్గు. తరాలుగా భూమి లోపలికి దిగి బొగ్గు తవ్వుతున్న ఊళ్లో ఈ లెక్క పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. నమ్మకపోతే తక్కెడలో ఒకవైపు బొగ్గుపెళ్ల, మరోవైపు ఖాళీ డబ్బాలు పెట్టి తూచమనండి. ఎన్ని పెడితే ముల్లు సమానమవుతుందో వాళ్లే లెక్కపెడతారు.

అయితే ఒక చిక్కుంది. 70 డబ్బాలు పోగైతే గానీ కిలో తూగదు. ఒక్క ఇంట్లో అన్ని ఎప్పటికి జమవుతాయి? డబ్బు ఆశ పెట్టారా, రెండు వారాలకే పిల్లల ఉత్సాహం చల్లారుతుంది. అందుకే క్వార్టర్ల వరుస మొత్తాన్నీ ఆటలోకి దించాలి.

మూడు జట్లు చేయండి. పేర్లు వెతుక్కోనక్కర్లేదు... ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్! అందరికంటే చిన్నపిల్ల సర్దార్. డబ్బా కడిగి తెచ్చారా? పాత రేడియో స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం పెడితే అంటుకోకుండా ఉందా? (అంటుకుంటే అది ఇనుము, అల్యూమినియం కాదు.) పైన చెవి ఊడకుండా ఉందా? విడిగా ఊడిన చిన్న ముక్కలు తుక్కులో ఎక్కడో జారిపోతాయి. ఈ మూడూ సరిగ్గా ఉంటేనే మస్టర్ పడుతుంది. లేకపోతే నాన్న తెచ్చిన డబ్బా అయినా సరే, వాపస్!

తర్వాత పరుగు పందెం. నున్నటి గచ్చు మీద డబ్బాను అడ్డంగా పడుకోబెట్టండి. బుడగను తలకు గట్టిగా రుద్ది, తగలకుండా దగ్గర పెట్టండి. డబ్బా దానంతటదే దొర్లుకుంటూ బుడగ వెంట పడుతుంది! స్థిర విద్యుత్ చేసే గారడీ ఇది. చలికాలంలో జోరుగా సాగుతుంది, వానాకాలంలో గాల్లో తేమకు మొండికేస్తుంది. పందెం అయ్యాకే చెప్పులేసుకుని డబ్బాలను తొక్కి నలగ్గొట్టాలి. అంచులు కోసుకుంటాయి కాబట్టి ఒట్టి కాళ్లతో వద్దు.

జర్మనీలో 2003 నుంచి డబ్బా కొనేటప్పుడే 25 సెంట్లు అదనంగా తీసుకుని, ఖాళీది తిరిగిస్తే వెనక్కిస్తున్నారు. మన దగ్గర ఆ పని ఏ యంత్రం లేకుండా, సంచి భుజాన వేసుకుని తిరిగే మనుషులు చేస్తున్నారు. పిల్లల ఆట వాళ్ల నోటికాడి కూడు లాక్కోకూడదు కదా? అందుకే పోగైన మూటను తుక్కు దుకాణానికి మోసుకుపోవద్దు. రోజూ మీ వీధిలోకి వచ్చే ఆమెను పిలిచి ఇచ్చేయండి. తూకం మాత్రం ఆమె ఎదుటే వేయించండి, మస్టర్ పుస్తకంలో రాసుకోవాలిగా!

లెక్క తేల్చేందుకు డిసెంబరు 23 మంచి రోజు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడిన రోజది. గెలిచిన షిఫ్టుకు ఓడిన రెండు షిఫ్టులూ మిర్చి బజ్జీలు తినిపించాలి. టన్ను బొగ్గు మిగలాలంటే దాదాపు 7 వేల డబ్బాలు కావాలి. మొదటి ఏడాది మీ వరుస ఎంతదాకా వస్తుందో చూడండి.