చెంచాతో త్రాగు చాకొలేటు

చాకొలేటు అనగానే మనకు తోచునది వెండికాగితము చుట్టిన బిళ్ల. ఇటలీ దేశమున ఈ మాటకు రెండు రూపములు వాడుకలో ఉన్నవి. కొరికి తినుదానిని సాధారణముగా పుంలింగమున చొక్కొలాతో అందురు. కప్పులో పోసి ఇచ్చుదానిని స్త్రీలింగమున చొక్కొలాతా అందురు. శీతకాలపు సాయంకాలమున టురిన్ నగరములోగాని, ఫ్లారెన్సులోగాని ఒక కాఫీశాలలో కూర్చుండి వేడి చొక్కొలాతా తెమ్మని అడిగినచో, చిన్న కప్పు ఒకటి, దానితోపాటు చెంచా ఒకటి, కోరినవారికి తీపి లేని గిలకొట్టిన మీగడయు తెచ్చి ముందుంచుదురు. కప్పును వంచినచో లోనిది పాలవలె గబగబ జారదు. చెంచా ముంచి ఎత్తినచో దాని వీపున దళసరిగా పట్టి నిలుచును. మన ఇండ్లలో డబ్బాపొడిని వేడిపాలలో కలిపి పిల్లలకిచ్చు పానీయమునకును దీనికిని పేరులో మాత్రమే చుట్టరికము.

ఈ చిక్కదనము చాకొలేటు ఎక్కువ వేయుటవలన వచ్చునని కొందరును, పాలను ఇగురబెట్టుటవలన వచ్చునని కొందరును తలంతురు. మొదటి పద్ధతిలో ఖర్చు పెరుగును. కప్పు సగము కాకమునుపే వెగటు పుట్టును. రెండవ పద్ధతిలో తుదకు చేతికి వచ్చునది చాకొలేటు వాసన గల కోవా. ఇటలీ గృహిణి ఈ రెండింటిలో దేనిని నమ్ముకొనదు. ఆమె పాలలో ఒకటి రెండు చెంచాల గంజిపిండి వేయును. రాగిజావ కాచు ఇండ్లకు ఇది క్రొత్త విద్య కాదు. కాని ఆ పిండిని ఎట్లు కలుపవలెను, ఎంతవరకు ఉడికింపవలెను అనుదానిని బట్టియే పానీయము కుదురుటయో చెడుటయో జరుగును.

కోకో అమెరికా ఖండపు చెట్టు. మెక్సికో ప్రాంతపు పూర్వులు దాని గింజలను వేయించి, రాతిమీద నూరి, నీటిలో కలిపి, మిరపకాయ వంటి కారములు చేర్చి, ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి ఎత్తుగా పోసి నురుగు తెప్పించి త్రాగెడివారు. మొక్కజొన్నపిండి చేర్చి చిక్కగా కాచుటయు అచటి ఆచారమే. చంపుర్రాదో అను పేర అట్టి పానీయమును మెక్సికోవారు నేటికిని త్రాగుచున్నారు. పదునారవ శతాబ్దమున స్పెయినువారు ఈ గింజలను ఐరోపాకు చేర్చిరి. కాలక్రమమున మిరపకాయ స్థానమును పంచదారయు దాల్చినచెక్కయు ఆక్రమించినవి. నురుగు తెప్పించుటకు వారు వాడిన చెక్క సాధనము పేరు మొలినీయో. దానిని రెండు అరచేతుల నడుమ నిలిపి గిరగిర త్రిప్పుదురు. మన పప్పుకవ్వమును చూచినవారికి దానినిగూర్చి వేరుగా వర్ణింప పనిలేదు.

ఇటలీలో ఈ పానీయమును వ్రాతమూలమున పరిచయము చేసిన తొలివారిలో ఫ్రాంచెస్కో కార్లెత్తి అను ఫ్లారెన్సు వర్తకుడొకడు. ఇతడు 1594లో బయలుదేరి, అమెరికా, జపాను, చీనా, గోవాల మీదుగా భూమిని చుట్టి, 1606లో స్వస్థలము చేరి, అచటి ప్రభువైన ఫెర్దినాందోకు తాను చూచినదెల్ల విన్నవించెను. అందులో కోకోనుగూర్చిన ముచ్చటయు కలదు. తరువాత కొన్ని దశాబ్దములలోనే ఇది ఇటలీ సంస్థానాధీశుల ఇండ్లలో ప్రాతఃకాల పానీయమైనది.

అంతట ఒక ధర్మసందేహము బయలుదేరినది. ఉపవాసదినమున చాకొలేటు త్రాగవచ్చునా? ఏకాదశినాడు కాఫీ పనికివచ్చునా అని మన పెద్దలు తర్కించుకొన్నట్లే, కాథలిక్కు పండితులు ఈ ప్రశ్నను ఏండ్ల తరబడి చర్చించిరి. 1636లో మాడ్రిడ్ నగరమున దీనిమీదనే ఒక గ్రంథము వెలువడినది. 1664లో రోములో కార్డినల్ బ్రంకాచ్చియో లాటిను భాషలో మరొకటి ప్రకటించెను. ద్రవపదార్థము ఉపవాసమును చెరుపదు. చాకొలేటు పానీయము కనుక దానివలన దోషము లేదు అని ఆయన వాదము. త్రాగక యుండలేనివారికి ఈ తీర్పు ఎంత ఊరట కలిగించెనో ఊహించుకొనవచ్చును. అయితే చెంచా నిలుచునంత చిక్కనైన నేటి కప్పును ఆయన ముందుంచి, ఇది ద్రవమేనా అని అడిగినచో ఏమని యుండునో!

ఫ్లారెన్సులోనే మరొక విశేషము జరిగినది. మూడవ కోసిమో ప్రభువు ఆస్థానవైద్యుడు ఫ్రాంచెస్కో రేది. కుళ్లిన మాంసములో పురుగులు వాటంతటవి పుట్టవనియు, ఈగలు పెట్టిన గ్రుడ్లనుండి వచ్చుననియు 1668లో ప్రయోగపూర్వకముగా నిరూపించిన శాస్త్రజ్ఞుడీతడే. ఈయన మల్లెజాతి పూల పరిమళము గల చాకొలేటును ప్రభువుకొరకు సిద్ధపరచి, తన జీవితకాలమున ఆ రహస్యమును బయటపెట్టలేదు. 1697లో ఆయన మరణించిన పిమ్మటగాని అది లోకమునకు తెలియలేదు. వేయించి నలుగగొట్టిన కోకో పలుకులను ఒక వరుస, అప్పుడే కోసిన పూలను ఒక వరుసగా పెట్టెలో పేర్చి ఒక దినముంచి, వాడిన పూలను తీసివేసి క్రొత్తవి పరచుట. ఇట్లు పది పండ్రెండు మారులు చేసిన తరువాతనే పంచదార, వనిల్లా, దాల్చినచెక్క, అంబరు చేర్చి నూరుట. పూలను పాలలో వేసి కాచినచో ఆ సున్నితమైన పరిమళము ఆవిరితో ఎగిరిపోవును. కోకోలోని క్రొవ్వు దానిని పట్టి నిలుపుకొనును. మన దేశమున నువ్వులను పూల నడుమ పేర్చి, వాసన పట్టించి, పిమ్మట గానుగాడించి తలనూనె తీయు పద్ధతిలోని సూత్రమిదియే. సముద్రముల కావల నొక వైద్యుడు, ఇచట మన నూనెలవారు ఒకే ఉపాయమును కనుగొనిరనుట నాకు మిక్కిలి ముచ్చటగొల్పు సంగతి.

టురిన్ నగరపు ప్రసిద్ధి వేరు. అచట 1763లో వెలసిన ఒక చిన్న కాఫీశాల నేటికిని నడుచుచున్నది. కాఫీ, చాకొలేటు, మీగడ, ఈ మూడింటిని కలిసిపోకుండ ఒకదానిపై నొకటి పోసి గాజుపాత్రలో ఇచ్చు బిచెరిన్ అను పానీయమునకు ఆ అంగడి పుట్టినిల్లని చెప్పుదురు. బిచెరిన్ అనగా ఆ ప్రాంతపు మాటలో చిన్న గాజుగ్లాసు. టురిన్‌లో సావోయ్ రాజవంశమునకు చాకొలేటు చేసిన రివోయిర్ అనునతడు ఫ్లారెన్సుకు వచ్చి 1872లో తెరచిన కాఫీశాలయు చిక్కని చొక్కొలాతాకు పేరు మోసినది.

ఇక చిక్కదనము అవసరమెందుకు కలిగినదో చూతము. కోకో పలుకులలో ఇంచుమించు సగము క్రొవ్వే. నూరిన ముద్దను పాలలోగాని నీటిలోగాని కలిపినచో క్రొవ్వు పైకి తేలును, నలిగిన పొడి అడుగునకు దిగును. కవ్వముతో ఎంత చిలికినను అది తాత్కాలికమే. 1828లో హాలండు దేశమున వాన్ హౌటెన్ కుటుంబమువారు క్రొవ్వులో ఎక్కువ పాలును మరతో పిండివేయు విధానమునకు హక్కుపత్రము పొందిరి. మిగిలిన పిప్పిని పొడి చేయగా వచ్చినదే మనము డబ్బాలలో కొను కోకో. క్రొవ్వు తగ్గినందున పానీయము తేలికయైనది, పలుచనను అయినది. ఇటలీవారు ఈ రెంటి నడుమ దారి పట్టిరి. కొంత బిళ్ల చాకొలేటు, కొంత కోకో పొడి వేసి, గంజిపిండితో పాలను చిక్కపరచినచో క్రొవ్వు తేలదు, పొడి దిగదు. నోటికి వచ్చు ప్రతి చెంచాయు ఒకే రుచిగా నుండును.

గంజిపిండి చేయు పని ఏమి? ఈ పిండి కంటికి కనబడనంత చిన్న రేణువుల సముదాయము. చల్లని పాలలో ఆ రేణువులు కరగవు. ఊరక తేలియాడి అడుగున పేరుకొనును. వేడి సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు దాటునప్పటికి అవి నీటిని పీల్చి ఉబ్బనారంభించును. మరుగు దగ్గరపడిన కొలది ఉబ్బి, ఒకదానినొకటి ఒరసికొని, పాలకు కదలనిచ్చు చోటును తగ్గించివేయును. అదే చిక్కదనము. కనుక పాలు వెచ్చబడగానే దించివేసినచో పిండి పచ్చిగా నిలిచి నాలుకకు సుద్దవలె తగులును. పొడిపిండిని సరాసరి మరుగుచున్న పాలలో చల్లినచో ప్రతి ముద్దకును పైపొర తక్షణమే ఉడికి గట్టిపడి, లోపలి పిండికి తడి చేరనీయదు. ఉండలు కట్టుట అనగా ఇదియే. ఒకమారు కట్టిన ఉండను గరిటెతో చిదిమి సరిచేయుట సాధ్యము కాదు, వడకట్టుకొనవలసినదే.

నలుగురికి చిన్న కప్పులతో ఇచ్చుటకు అరలీటరు వెన్న తీయని పాలు, 100 గ్రాముల ముదురు చాకొలేటు, 20 గ్రాముల తీపిలేని కోకో పొడి, 15 గ్రాముల మొక్కజొన్న గంజిపిండి, 40 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు కావలెను. గంజిపిండి అనగా అంగళ్లలో కార్న్‌ఫ్లోర్ పేర అమ్ము తెల్లని మెత్తని పిండి. రొట్టెలు చేసికొను పచ్చని మొక్కజొన్నపిండి కాదు. ఇటలీలో కొందరు దీనికి బదులు బంగాళాదుంప గంజిపిండి వాడుదురు. గేదెపాలు అయినచో క్రొవ్వు అధికము గనుక పిండిని 12 గ్రాములకు తగ్గించుట మేలు.

చాకొలేటు విషయమున కొంత జాగ్రత్త వలయును. అట్టమీద కోకో నూటికి 60 నుండి 70 పాళ్లు అని ఉన్నది శ్రేష్ఠము. కోకో క్రొవ్వునకు బదులు వేరు వృక్షతైలము చేర్చి చవుకగా అమ్ము పలకలు కలవు. వానిని కాంపౌండు అందురు. అవి కరుగును గాని, నోటిలో మైనపు పూత విడిచిపోవును. పంచదార అధికముగా కలిపిన డబ్బాపొడియు కోకో స్థానమున పనికిరాదు. మన దేశములో కోకో ఎక్కువగా పండించు రాష్ట్రము నేడు ఆంధ్రప్రదేశ్. గోదావరి మండలమున కొబ్బరితోటల నీడలో అంతరపంటగా ఈ చెట్లు పెరుగుచున్నవి. కాయ పగులగొట్టి తీసిన గింజలను గుజ్జుతో సహా అయిదారు దినములు పులియబెట్టి పిమ్మట ఎండింతురు. పులియని గింజకు చాకొలేటు వాసన రాదు. మంచి పలకలో మనము కొనుచున్న పరిమళమునకు పునాది ఆ తోటలోనే పడుచున్నది.

ఇక పని. కోకో, పంచదార, గంజిపిండి, ఉప్పు ఒక గిన్నెలో పొడిగానే బాగుగా కలుపవలెను. కోకో తడిని త్వరగా అంటించుకొనదు. పంచదార పలుకులు దానిని విడదీయును. ఒక గరిటెడు చల్లనిపాలు కొంచెము కొంచెముగా పోయుచు దోసెపిండివలె జారుగా చేయవలెను. తక్కిన పాలను అడుగు మందముగల గిన్నెలో సన్నని సెగమీద కాచి, అంచున చిన్న బుడగలు కనబడగానే, ఒక చేత ఈ ముద్దను సన్నని ధారగా వంచుచు, రెండవ చేత చెక్కగరిటెతో అడుగంటకుండ కలియబెట్టుచుండవలెను. మొదటి రెండు నిమిషములు ఏమియు జరుగనట్లే యుండును. ఈ సమయముననే పలువురు ఓరిమి కోల్పోయి మరికొంత పిండి చేర్తురు. అట్లు చేర్చినది పది నిమిషములకు హల్వా యగును. చేర్పవలదు. ఒక్కసారిగా గరిటెకు బరువు తెలియును. నడుమ భాగమున పెద్ద బుడగ ఒకటి బద్దకముగా లేచి పగులును. అప్పటినుండి ఒక నిమిషము ఉడికించి దింపి, సన్నగా తరిగిన చాకొలేటును అందులో వేసి కరుగువరకు నెమ్మదిగా కలుపవలెను. కోకో క్రొవ్వు మన ఒంటి వేడికే కరుగు స్వభావము కలది. దానికి మంట అక్కరలేదు. చాకొలేటును మొదటనే వేసి గట్టి సెగమీద ఉడికించినచో అడుగంటి చేదెక్కును, ఒక్కొక్కప్పుడు నూనె విడుచును.

పొయ్యి మీద నున్నప్పుడు మనము కోరినదానికంటె కొంచెము పలుచగా నుండగానే దింపుట తెలివి. కప్పులో చల్లారుచుండగా అది ఇంకను బిగియును. ఏలకులు వేయవచ్చునా అని ఎవరైన అడిగినచో, వేసికొనవచ్చుననియే చెప్పుదును. కాని అటుపిమ్మట దానిని ఇటలీ పానీయమని పిలువకుండుట న్యాయము. దాల్చినచెక్కకు మాత్రము రేదిగారి సాక్ష్యము ఉన్నది. పైన వేయు మీగడలో పంచదార కలుపవలదు. తీపిని తగ్గించుటయే దాని పని.

వేడిగా నుండగానే, చిన్న కప్పులతో, చెంచా తోడుగా ఇవ్వవలెను; ఆలస్యమైనచో మీద తెట్టు కట్టును. మిగిలినదానిని చల్లని పెట్టెలో ఉంచినచో మరునాటికి జున్నువలె గట్టిపడును. పిల్లలు దానిని అట్లే తిందురు. తిరిగి త్రాగవలెనన్నచో రెండు మూడు చెంచాల పాలు చేర్చి, సన్నని సెగమీద కదుపుచు వెచ్చజేసినచో మరల జారుబారును. గిన్నెను మాత్రము వెంటనే నీటిలో నానవేయవలెను. ఎండిన పిమ్మట అది పీచునకు సులభముగా లొంగదు.