పాత లాప్‌టాప్‌లో నాన్న ఫొటోలు

ఈ ఎపిసోడ్‌లో మా పాత లాప్‌టాప్ సంగతి చెప్పాను కదా, ఆ వివరాలు ఇక్కడ రాసి పెడుతున్నా.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. మాది ఆరో తరం. సరే, లినక్స్ మింట్ వేద్దామనుకున్నా.

ఇన్‌స్టాల్ నొక్కబోయి ఆగాను. నాన్న చివరి పుట్టినరోజు ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. పైగా హార్డ్ డిస్క్ టక్ టక్‌మంటోంది. ఆ శబ్దం వస్తే రిపేర్ టూల్స్ నడపకండి, మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకండి. డిస్క్ ఇంకా పాడవుతుంది.

నేను మింట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్నుంచే బూట్ చేశా. అలా చేస్తే ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టమ్ నడుస్తుంది, పాత ఫైళ్ళు కనిపిస్తాయి. బిట్‌లాకర్ ఉంటే మాత్రం రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. ముందు ఫొటోల ఫోల్డర్, ఆ తర్వాతే మిగతావి బయటి డ్రైవ్‌లోకి లాగాను. రెండు ఫొటోలు తెరుచుకోలేదు, మిగతావన్నీ దక్కాయి.

నిజం చెప్పాలంటే అది నా అదృష్టం. అంత విలువైనవి ఉంటే డిస్క్ ఆపేసి డేటా రికవరీ వాళ్ళకివ్వడమే క్షేమం.

తర్వాత ఎస్ఎస్‌డీ మార్చి మింట్ వేశా. ఇప్పుడు అమ్మ దాంట్లోనే ఆ ఫొటోలు చూసుకుంటోంది. మీరూ ఈ వీకెండ్ ఒక కాపీ తీసి పెట్టుకోండి.